జాగీరు శిస్తు, జేబు గడియారం

సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండు కావస్తుంటే జనమంతా ఒక్కచోటికి చేరతారు. పిల్లలు నాన్నల భుజాలెక్కుతారు. గంటకు మూడు నిమిషాల ముందు గడ్డం మనిషి బొమ్మ చిన్న తలుపులోంచి బయటికొస్తుంది, వేళకు గంట కొట్టి లోపలికి పోతుంది. పక్కనే కమ్మరి బొమ్మ సుత్తితో క్షణాలు లెక్కపెడుతూనే ఉంటుంది. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరున్న గడియారమది. పన్నెండు దెబ్బలూ పడ్డాక జనం చెదిరిపోతారు. అద్దాల వెనక ఉన్న చిన్న గడియారాల ముందు నిలబడేవాళ్లు తక్కువ. నేను మాత్రం అక్కడే ఆగిపోతాను. కారణం మా కోస్గి.

నేడు నారాయణపేట జిల్లాలో ఉన్న కోస్గి నిజాం కాలంలో గుల్బర్గా జిల్లా లెక్కల్లో ఉండేది. అప్పట్లో ఇది సాలార్‌జంగ్ ఎస్టేటులో ఒక తాలూకా. అజంతా, కొప్పళ కూడా ఆ ఎస్టేటువే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ 1912లో నిజాం రాజ్యానికి దివాన్ అయ్యారు, రెండేళ్లకే ఆ పదవి వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. మిగిలిన జీవితమంతా వస్తువులు సేకరించడంలోనే గడిచింది, అందుకు ఖర్చయింది జాగీరు ఆదాయం. మా జొన్నచేల మీద శిస్తు, మగ్గాల మీద నేసిన చీరల తాలూకు రాబడి, అన్నీ కలిసి ఆయన నివాసమైన దివాన్ దేవిడీ ఖజానాకు చేరేవి. అక్కడి నుంచి లండన్, పారిస్ వ్యాపారుల చేతికి వెళ్లేవి. అందుకే ఆ అద్దాల ముందు నిలబడినప్పుడు నాకు పరాయి ఇంట్లో ఉన్నట్టు ఉండదు. ఆయన 1949 మార్చి 2న చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ మ్యూజియాన్ని ప్రారంభించారు.

ఆ రోజుల్లో ఒక నవాబు కొనుక్కున్న తరహా వస్తువులు నేడు వేలంలో ఏ ధర పలుకుతున్నాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

పాట ఎక్కడిదాకా పోయింది?

వేలం పాట మనకు కొత్తేమీ కాదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2025లో 35 లక్షలు పలికింది. అదే ఏడాది బండ్లగూడలోని ఒక విల్లాల సముదాయంలో లడ్డూ పాట 2 కోట్ల 32 లక్షలకు చేరింది. జేబు గడియారాల్లో రికార్డు వేరే లోకానిది. అమెరికా బ్యాంకరు హెన్రీ గ్రేవ్స్ కోసం పటెక్ ఫిలిప్ కంపెనీ తయారుచేసి 1933లో అందించిన గడియారానికి ఇరవై నాలుగు ప్రత్యేక పనులు తెలుసు. న్యూయార్క్‌లో ఆయన ఇంటి కిటికీలోంచి రాత్రి కనిపించే నక్షత్రాల పటం కూడా అందులో ఉంది. అప్పుడు ఆయన కట్టిన ధర 60 వేల స్విస్ ఫ్రాంకులు. 1999లో అది కోటీ పది లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2014 నవంబరు 11న జెనీవాలో సోథెబీస్ పాటలో 2 కోట్ల 32 లక్షల స్విస్ ఫ్రాంకులకు వెళ్లింది, అంటే అప్పటి మన లెక్కలో దాదాపు 150 కోట్ల రూపాయలు. అందులో 900 పైచిలుకు భాగాలున్నాయి. వాటిలో 70 కెంపులు.

కెంపులా? అవును. గడియారం కొనేవాళ్లు మొట్టమొదట తెలుసుకోవాల్సిన సంగతి ఇదే.

లోపలి రాళ్లు, బయటి రాళ్లు

'పదిహేడు జ్యూయెల్స్' అని గడియారం మీద రాసి ఉంటే, మా చిన్నప్పుడు దానిలో పదిహేడు వజ్రాలున్నాయనుకునేవాళ్లం. నిజానికి అవి చాలావరకు కెంపురాళ్లతో చేసిన బేరింగులు. జేబు గడియారంలోని బ్యాలెన్సు చక్రం సాధారణంగా సెకనుకు అయిదుసార్లు కొట్టుకుంటుంది, అంటే రోజుకు 4,32,000 దెబ్బలు. ఆ చక్రం ఇరుసు వెంట్రుకంత సన్నగా ఉంటుంది. దాన్ని ఇత్తడి రేకులోని రంధ్రంలో నిలబెడితే కొన్నేళ్లకే రంధ్రం అరిగి కోలగా మారుతుంది, చక్రం వంకరగా ఊగుతుంది, గడియారం తప్పుతుంది. వజ్రం తర్వాత అంత గట్టి రాయి కెంపు. దానికి సన్నటి రంధ్రం చేసి ఇరుసును అందులో కూర్చోబెడితే నూరేళ్లయినా అరగదు, నూనె చుక్క కూడా చెదరకుండా నిలుస్తుంది. ఈ విద్యకు 1704లో లండన్‌లో పేటెంటు తీసుకున్నది నికోలస్ ఫాటియో అనే గణితవేత్త, ఆయనతోపాటు డెబోఫ్ర్ సోదరులు. మంచి ఇంగ్లీషు గడియారాల్లో బ్యాలెన్సు ఇరుసు కొనకు చిన్న వజ్రాన్ని మూతలా అమర్చిన పనితనం కూడా ఉంది. బ్రెజిల్‌లో 1720లలో గనులు బయటపడేదాకా ప్రపంచం వజ్రాల కోసం ప్రధానంగా మన దేశం వైపే చూసింది.

1902లో ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నాయ్ కెంపును కొలిమిలో తయారుచేసే పద్ధతిని లోకానికి తెలియజేశాడు. దాంతో లోపలి రాళ్లు చవకయ్యాయి. అందుకే వేలం జాబితాలో '21 జ్యూయెల్స్' అని పెద్దగా రాసి ఉంటే అది యంత్రం నాణ్యతకు గుర్తు మాత్రమే, నగ విలువ కాదు. మూత మీద పొదిగిన వజ్రాలు, అంచున ముత్యాలు, వెనక వేసిన రంగుల మీనాపని, ఇవే నగగా దాని ధరను నిర్ణయిస్తాయి. మీనాపని చేసిన మూతను చూసినవాళ్లెవరైనా గడియారం ఆగిపోయి ఉన్నా దాన్ని కింద పెట్టలేరు, అంత అందంగా ఉంటుంది.

మన నిజాముల నగలు

మా మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 184.75 క్యారట్ల జేకబ్ వజ్రాన్ని కొన్నారు. కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు అది తండ్రి జోడు కొనలో దొరికిందనీ, ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా వాడారనీ అందరికీ తెలిసిన కథే. ఆ వజ్రంతో కలిపి 173 నగలను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. ఆ నగల్లో గడియారపు గొలుసులు కూడా ఉన్నాయి. బయటి వేలానికి పోనివ్వకుండా వాటిని దేశంలో నిలిపినవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఎందుకంటే నిలవనివి ఏమయ్యాయో చూడండి. 34.65 క్యారట్ల గులాబీ వజ్రాన్ని 1960లో లండన్ వేలంలో 46 వేల పౌండ్లకు అమ్మారు, కొన్నవాళ్లు బరోడా యువరాజు పేరిట దానికి 'ప్రిన్సీ' అని పేరు పెట్టారు. 2013 ఏప్రిల్‌లో న్యూయార్క్ క్రిస్టీస్‌లో అదే వజ్రం 3 కోట్ల 93 లక్షల డాలర్లు తెచ్చింది. 2019 జూన్ 19న అదే క్రిస్టీస్ పెట్టిన 'మహారాజాలు, మొఘల్ వైభవం' వేలం మొత్తం 10 కోట్ల 90 లక్షల డాలర్ల దాకా పలికింది, అందులో హైదరాబాద్ నిజాముల ఖడ్గం, వజ్రాల హారం వెళ్లిపోయాయి.

ఆగిపోయిన గడియారాల ధర

నడిచే గడియారం కంటే ఆగిపోయిన గడియారం ఎక్కువ పలకడం వింతే. టైటానిక్‌లో భార్యతోపాటు మునిగిపోయిన ఇసిడోర్ స్ట్రాస్ అనే ప్రయాణికుడి బంగారు జేబు గడియారం రాత్రి 2:20 దగ్గర ఆగిపోయింది. ఓడ మునిగిందీ ఆ వేళకే. 2025 నవంబరులో ఇంగ్లండ్‌లో అది 17 లక్షల 80 వేల పౌండ్లకు అమ్ముడైంది, మన లెక్కలో 20 కోట్లకు పైనే. అంతకుముందు ఏడాది అదే ఓడలో పోయిన ధనికుడు ఆస్టర్ గడియారం పాట 9 లక్షల పౌండ్ల దగ్గర ఆగినా, కొన్నవాళ్లు కట్టింది 11 లక్షల 75 వేలు. వేలంశాల రుసుము, పన్నులు కలిసి అంత పెరిగిందన్నమాట. పాటకు కూర్చునే ముందు ఆ శాతం ఎంతో కనుక్కోవాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

అన్నిటికంటే నన్ను కదిలించేది గాంధీజీ గడియారం. జెనిత్ కంపెనీ వెండి జేబు గడియారం, అలారం ఉన్నది, ఇందిరాగాంధీ బహుమతిగా ఇచ్చినది. 1947లో రైల్లో ఒక దొంగ దాన్ని కాజేసి, కొన్ని నెలల తర్వాత తానే వచ్చి తిరిగిచ్చాడు. 2009 మార్చిలో న్యూయార్క్‌లో ఆయన కళ్లద్దాలు, చెప్పులు, పళ్లెం, గిన్నెతోపాటు దాన్ని వేలం వేస్తుంటే దేశమంతా ఆందోళన పడింది. విజయ్ మాల్యా 18 లక్షల డాలర్లకు అన్నీ కలిపి పాడారు. పైన ఒక్క రాయీ పొదగని ఆ గడియారం విలువ ఏ కెంపులతో కొలుస్తాం?

దొంగతనాల్లో మరొకటి. ఫ్రాన్సు రాణి మరీ ఆంత్వానెత్ కోసం 1783లో బ్రెగే గడియారశాలకు పురమాయించిన 160వ నంబరు గడియారం 1827లో గానీ పూర్తికాలేదు. అప్పటికి రాణి గిలోటిన్‌కు బలై 34 ఏళ్లు, బ్రెగే పోయి 4 ఏళ్లు. 1983 ఏప్రిల్‌లో జెరూసలేం మ్యూజియంలో మాయమైన 106 గడియారాల్లో అదీ ఒకటి. 2007లో మళ్లీ వెలుగు చూసింది.

కొనదలచినవాళ్లకు

మన దేశంలో నూరేళ్లు దాటిన వస్తువు పురాతన వస్తువుల చట్టం (1972) కిందికి వస్తుంది. ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. కొనేముందు వెనక మూత తెరిపించాలి. యంత్రం, మూత ఒకదానికొకటి సరిపోతున్నాయా, ఎవరైనా వేర్వేరు గడియారాల భాగాలు అతికారా అని చూడాలి. మీనా ముఖం మీద వెంట్రుకవంటి పగుళ్లున్నాయేమో ఏటవాలు వెలుతురులో వెతకాలి. బంగారు మూత అంచు లోపల ముద్ర ఉండాలి.

మా నారాయణపేట బంగారానికి పేరు. ఆ పేరే ఒక ప్రమాదం కూడా. పాత జేబు గడియారం మూతను కరిగించి గొలుసు చేయించుకున్న ఇళ్లు ఎన్నో. యంత్రం మాత్రం పాత ఇనుములోకి పోతుంది. వజ్రాల మాటకొస్తే, కోస్గి పక్కనున్న మద్దూరు, కోటకొండ చుట్టుపట్ల దాదాపు 110 కోట్ల ఏళ్లనాటి కింబర్లైటు శిలలను భూగర్భశాస్త్రవేత్తలు గుర్తించారు. నేల లోతుల్లోంచి వజ్రాలను పైకి మోసుకొచ్చే రాయి అది. తవ్వకానికి సరిపడా వజ్రాలు మాత్రం ఇక్కడ లేవు. మా ప్రాంతపు నిధి మట్టిలో కాక, తాతల కొయ్యపెట్టెల అడుగున ఉందని నాకనిపిస్తుంది.

మీ ఇంట అలాంటి పెట్టె ఉండి, అందులో గొలుసు గడియారం కనిపిస్తే వెంటనే తాళం తిప్పకండి. యాభై ఏళ్ల కింద వేసిన నూనె జిగురై ఉంటుంది, ఆ స్థితిలో నడిస్తే సన్నటి ఇరుసులు కోసుకుపోతాయి. బ్రష్షుతో రుద్దకండి, మీనా పెచ్చు రాలుతుంది. మెత్తటి గుడ్డలో చుట్టి, వెనక మూత మీది నంబరును కాగితం మీద రాసుకుని, గడియారం విప్పి కడగడం తెలిసిన పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లండి. బంగారం అంగడికి ఆ తర్వాత కావాలంటే వెళ్లొచ్చు.