బ్రెయిలీలో తప్పు ఎక్కడ?

ఆరు చుక్కల గడిలో ఏర్పడే గుర్తులు 63 మాత్రమే. అందుకే ఒకే గుర్తు విలువ భాషను బట్టి మారుతుంది. 3, 4, 5 చుక్కలు కలిస్తే, 1951లో ఆమోదం పొందిన భారతి బ్రెయిలీలో అది 'ఆ'. ఇంగ్లీషు సంక్షిప్త బ్రెయిలీలో 'ఎ', 'ఆర్' అనే రెండక్షరాలు.

ఎన్.వి.డి.ఎ. అనే తెర చదివే సాఫ్ట్‌వేర్ 'లిబ్‌లూయీ' పట్టికల సాయంతో పాఠాన్ని చుక్కలుగా మారుస్తుంది. చుక్కలు తప్పుగా వస్తే ముందుగా తెలుగు గొంతుతో ఆ పాఠాన్ని వినండి. మాట సరిగా ఉంటే, బ్రెయిలీ అమరికల్లో తెలుగు పట్టిక ఎంచుకున్నారో లేదో చూడండి. మాట కూడా అర్థం కాకపోతే, పాఠం పాత ఫాంటులో ఉందేమో అనుమానించండి. తెరపై తెలుగులా కనిపించినా, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. కర్సర్ ఉన్న పదం ఒక్కటే వేరుగా వస్తే, దాన్ని కంప్యూటర్ బ్రెయిలీలో చూపే అమరికను ఆపండి.

ఇప్పుడు 'అమ్మ' అని టైపు చేసి పరీక్షించండి. నాలుగు గడులు రావాలి: 1, 4, 1-3-4, 1-3-4. రెండో గడి పొల్లు గుర్తు. అది హల్లుకు ముందే వస్తుంది. అది లోపిస్తే 'అమ్మ' కాస్తా 'అమమ' అవుతుంది.

వినికిడి వల్ల అర్థం తెలుస్తుంది. వర్ణక్రమం తెలిసేది వేళ్లకే. అంధ విద్యార్థికి ఈ చుక్కలే అక్షరాలు.