పేటలో పిల్లులు, పొలంలో ఎలుకల మందు

వ్యవసాయ కార్మికుల పేజీలో పిల్లుల గొడవేమిటని కొందరు నవ్వుకోవచ్చు. కూలి రేట్లు, కౌలు, ఇళ్ల స్థలాల సమస్యలుండగా ఇదేం సంగతి అనొచ్చు. కానీ గోదావరి డెల్టాలో కాలవగట్టు పేటల్లో నాలుగు మాటలు మాట్లాడి చూడండి, ఆడవాళ్ల నోట ఇదీ వస్తుంది. ఉట్టిమీద కూర దక్కడం లేదు. ఎండుచేపల తట్ట దక్కడం లేదు. కోడిపిల్లలు పోతున్నాయి. ఊళ్లో మేడలవాళ్లు తమ ఇంట్లో పుట్టిన కూనల్ని గోతంలో వేసి తెచ్చి పేట చివర వదిలిపోతున్నారు. చెత్తకుప్ప మన పక్కనే, శ్మశానం మన పక్కనే, ఇప్పుడు పిల్లులూ మన పక్కనే!

ఇవి ఊరికే పెరగలేదు. కోడిమాంసం కొట్టు పేగులు, రొయ్యల చెరువుల పట్టుబడి నాటి చెత్త, మిల్లు దగ్గర ఎలుకలు, ఇంత తిండి ఉన్నచోట పిల్లి ఉంటుంది. ఆడపిల్లి అయిదారు నెలలకే ఎదకొస్తుంది. చూలు రెండు నెలలు. ఒక్కో కాన్పుకు మూడు నాలుగు కూనలు, ఏడాదికి రెండు కాన్పులు మామూలే. పట్టుకెళ్లి పక్క ఊళ్లో వదిలితే తిండి ఉన్న జాగాలోకి కొత్తవి వస్తాయి, పక్క పేటవాళ్లు మనల్ని తిడతారు.

కొందరు కుర్రాళ్లు విసుగెత్తి చేపముక్కలో ఎలుకల మందు పెడుతున్నారు. ఇది మానాలి. జంతువును చంపడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద నేరం, అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. కేసంటూ పెడితే ఎవరి మీద పెడతారో వేరే చెప్పాలా? అంతకంటే ముఖ్యం, ఆ ముక్క పిల్లే తినాలని లేదు. పాకే పిల్లాడున్న ఇల్లు పక్కనే ఉంటుంది.

అసలు ఎలుకల మందు పేటలోకి వచ్చే దారి ఇంకోటుంది. దాళ్వా చేను పొట్టకు రాకముందే పొలాల్లో ఎర పెట్టిస్తారు. 96 పాళ్ల నూక, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల జింకు ఫాస్ఫైడు. కలిపేది మన చేతులే, చాలాచోట్ల వట్టి చేతులే. ఈ మందు కడుపులోకి పోతే విషవాయువు పుడుతుంది, దానికి విరుగుడు లేదు. మందు వాడేవాళ్లకు రక్షణ దుస్తులుండాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల్లోనే ఉంది. ఏ కామందు తొడుగులు ఇస్తున్నాడు? ఎర పొట్లాన్ని కలుగు లోపలికి తోసి మట్టి కప్పాలి. మర్నాడు చచ్చిన ఎలుకల్ని ఏరి పూడ్చిపెట్టాలి. పెట్టడానికి కూలి ఇస్తారు గాని ఏరడానికి ఇవ్వరు. ఆ పూట కూలి మిగుల్చుకుంటారు. గట్టుమీద పడ్డవాటిని పిల్లులు, కుక్కలు, మన కోళ్లు ముడతాయి. బ్రోమాడయోలోన్ అయితే ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. అలాంటి ఎలుకను పట్టడం పిల్లికి తేలిక. అలాంటివి వరసగా తింటే పిల్లికీ రక్తం కారి చస్తుంది. అలా పిల్లులు పోతే ఇళ్లల్లో ఎలుకలు పెరుగుతాయి. ఎలుక చూలు మూడు వారాలే మరి.

అట్లాగని పిల్లే పొలాన్ని కాపాడుతుందని నేననడం లేదు. బలిసిన పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు. పొలంలో ఎలుకను పట్టే విద్య యానాదులది. పొగకుండ పెట్టి కలుగులోకి ఊదుతారు, ఏ కన్నం నుంచి బయటికొస్తుందో వాళ్లకు తెలుసు. వెదురు బుట్టలు పెట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు తోక లెక్కన చిల్లర ఇస్తారు. ఎలుకలు తగ్గిన ఏడు వాళ్ల పొయ్యి వెలగదు. రోజు కూలి లెక్కన ఇవ్వాలని అడగాల్సింది మన సంఘమే.

ఇక కాటు సంగతి. పిచ్చి కుక్కకే అనుకుంటారు, పిల్లి కరిచినా రేబిస్ రావచ్చు. వచ్చాక బతకడం దాదాపు లేదు. గాయానికి కారం, సున్నం, పసర్లు పెట్టొద్దు. ధార నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడగాలి. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. సూదులు ఆ రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. నెత్తురు వచ్చిన గాయమైతే గాయంలోనే వేసే ఇంకో మందు కూడా కావాలి, దానికి పెద్దాసుపత్రికి పొమ్మంటారు. నాలుగు సూదులకు నాలుగు రోజుల కూలి పోతుంది, ఆటో ఖర్చు పైన. అందుకే చాలామంది రెండో సూదితో ఆపేస్తున్నారు. మందు ఉచితమే, దారి ఉచితం కాదు.

చేయదగింది కు.ని. ఆపరేషన్లు. ఎండుచేప పెట్టిన బోనులో పిల్లిని పట్టి, పశువుల డాక్టరుతో ఆపరేషను, రేబిస్ టీకా చేయించి, గుర్తుకు చెవి కొస కత్తిరించి తిరిగి అక్కడే వదలడం. అదే పిల్లి ఆ జాగాలో ఉంటుంది, కూనలు మాత్రం పుట్టవు. ముందు ఆడపిల్లుల్ని పట్టాలి. బోను, డాక్టరు రాకపోకల ఖర్చు పంచాయతీ భరించాలి. మాంసం కొట్టు చెత్తను గొయ్యి తీసి పూడ్చమని కొట్టువాడికి నోటీసివ్వాల్సిందీ పంచాయతీయే. 2019 నుంచి గ్రామ సచివాలయాలున్నాయి, పశుసంవర్ధక సహాయకుల పోస్టులూ ఉన్నాయి. మేడలవాళ్ల గేదెకు జబ్బుచేస్తే పరుగెత్తే మనిషి మన పేటకూ రావాలి.

వచ్చే గ్రామసభకు అర్జీ రాసేటప్పుడు పిల్లుల లెక్క కూడా రాయండి. పేటలో ఎన్ని, వాటిలో ఆడవి ఎన్ని, ఈ ఏడు ఎందరికి కాటుపడింది, ఎందరు నాలుగు సూదులూ వేయించుకున్నారు. దాళ్వా ఎర పెట్టకముందే ఆ లెక్క తీస్తే మంచిది.