తాండూరు డాబా మీద నుంచి మస్కట్ దారి.. జీపీఎస్ లేని రోజుల్లో ఓడలు ఎలా వెళ్లేవంటే?

వికారాబాద్ జిల్లాలో నేవీ అనగానే దామగుండం అడవి, రాడార్ స్టేషన్ గొడవే గుర్తొస్తాయి. 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగిన ఆ స్టేషన్ పని.. సముద్రం లోపలున్న సబ్‌మెరైన్లకు సందేశాలు పంపడం. అదే నేవీ ఇంకోపక్క ఇంజిన్ లేని తెరచాప ఓడను సముద్రంలోకి దింపింది!

పేరు ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య. అజంతా గుహల్లోని 5వ శతాబ్దం నాటి ఓడ బొమ్మే దీనికి ఆధారం. చెక్కలకు మేకులు కొట్టలేదు, కొబ్బరి పీచు తాళ్లతో కుట్టారు. కేరళకు చెందిన బాబు శంకరన్ ఆధ్వర్యంలో పని సాగింది. 2025 మే 21న కార్వార్‌లో నేవీలో చేరింది. డిసెంబర్ 29న గుజరాత్‌లోని పోర్‌బందర్ నుంచి బయల్దేరి, 2026 జనవరి 14న ఒమన్ రాజధాని మస్కట్ చేరింది.

ఇంతకీ పాతకాలంలో ఇదే దారిన వెళ్లిన నావికులకు మస్కట్ ఎక్కడుందో ఎలా తెలిసేది? జవాబు మీ డాబా మీద నుంచే కనిపిస్తుంది.

రాత్రి ఉత్తరం వైపు తిరగండి. సప్తర్షి మండలంలో ముందున్న రెండు చుక్కల్ని కలిపి గీత పొడిగిస్తే ధ్రువతార దొరుకుతుంది. పెద్దగా మెరుస్తుందనుకోకండి, మామూలు చుక్కే. చెయ్యి బారుగా చాపి, నేల-ఆకాశం కలిసే గీత మీద పిడికిలి పెట్టండి. అది 10 డిగ్రీలు. దానిపైన మూడు వేళ్లు, అంటే ఇంకో 5. ఆపైన మరో వేలు పెడితే.. దాదాపు చుక్క దగ్గరికి వచ్చేస్తారు. మొత్తం 17 డిగ్రీలు. వికారాబాద్, తాండూరు అక్షాంశం కూడా సుమారు 17 డిగ్రీలే!

ధ్రువతార ఎంత ఎత్తులో ఉంటే మీరు అంత అక్షాంశంలో ఉన్నట్టు. కన్యాకుమారిలో పిడికిలి కన్నా తక్కువే, 8 డిగ్రీలు. కాశీలో రెండు పిడికిళ్లు, మూడు వేళ్లు. అనంతగిరి గుట్టల్లో చెట్లు అడ్డొస్తాయి గానీ, తాండూరు వైపు కంది చేలల్లో బాగా కనిపిస్తుంది. వేగుచుక్కను, పిల్లలకోడిని చూసి టైమ్ చెప్పిన పెద్దోళ్లు ఆ ఊళ్లలో ఉండే ఉంటారు.

అరబ్ నావికులు ఇదే లెక్కను 'కమాల్' అనే చిన్న చెక్కముక్కతో చేసేవారు. మధ్యలో నుంచి ఒక తాడు, తాడుకి ముడులు. ముడిని పళ్ల మధ్య పట్టుకుని, తాడు బిగించి, చెక్క కింది అంచు సముద్రపు గీతకు, పై అంచు చుక్కకు ఆనిస్తారు. ఒక్కో రేవుకు ఒక్కో ముడి. ఆ ముడి సరిపోయేదాకా ఉత్తరానికో దక్షిణానికో వెళ్లి, తర్వాత అదే ఎత్తు తప్పకుండా ఒడ్డు వైపు సాగడమే.

వాళ్ల కొలత 'వేలు', సుమారు 1.6 డిగ్రీలు. పోర్‌బందర్‌కూ మస్కట్‌కూ అక్షాంశంలో తేడా 2 డిగ్రీలు, అంటే వేలున్నర కూడా లేదు! ఊగే ఓడ మీద ఒక్క వేలు లెక్క తప్పితే దాదాపు 180 కిలోమీటర్లు పక్కకు పోతారు. తాగునీళ్లు అడుగంటిన ఓడకి అది చావుబతుకుల దూరం. పైగా వెయ్యేళ్ల కిందట ధ్రువతార ఇప్పుడున్నంత కచ్చితంగా ఉత్తరాన లేదు. రాత్రంతా కాస్త తిరుగుతూ ఉండేది. అందుకే ఏ వేళకు కొలవాలో కూడా తెలిసుండాలి.

దీన్ని నిజంగా చేసి చూసినవాళ్లున్నారు. 1980 నవంబర్‌లో టిమ్ సెవెరిన్ 'సోహార్' అనే కుట్టు ఓడలో ఒమన్ నుంచి బయల్దేరి, దారిలో కమాల్‌తో కొలుస్తూ 1981 జులైలో చైనాలోని కాంటన్ చేరాడు. ఆ ఓడకి కలప వెళ్లింది మన మలబార్ తీరం నుంచే.

తెలుగువాళ్లకీ సముద్రం కొత్త కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ ఉంది.

ఇప్పుడెందుకు ఇదంతా అంటారా? జీపీఎస్ సిగ్నల్‌ని జామ్ చేయొచ్చు, చుక్కల్ని చేయలేరు. 1990ల చివర్లో ఈ పాఠం ఆపేసిన అమెరికా నావల్ అకాడమీ 2015లో మళ్లీ మొదలుపెట్టింది.