ఎక్స్-రే గదిలో వికిరణ రక్షణ: మదనపల్లె ప్రాంత నేపథ్యంలో ఒక వివరణ

కీలకపదాలు: ఎక్స్-రే, వికిరణం, ఆరోగ్యవరం, సీసం, చెదురు కిరణాలు, మోతాదు.

1. ఉపోద్ఘాతం:
1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. మదనపల్లె ప్రాంతంలో ఆ కిరణాల చరిత్ర క్షయవ్యాధి చరిత్రతో ముడిపడి ఉంది. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం ప్రారంభమైంది. 1950-55 మధ్య మదనపల్లె పట్టణంలోను, చుట్టుపక్కల గ్రామాలలోను జరిగిన క్షయ సర్వేలో ఛాతీ ఎక్స్-రే ఒక ప్రధాన సాధనం. రామసముద్రం వంటి గ్రామీణ మండలాలలో నేడు ఎక్స్-రే అందరికీ తెలిసిన మాటే. ఆ గదిలో గోడ, తలుపు, సీసపు ఏప్రాన్ ఏ పని చేస్తాయో వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. కిరణాల మార్గాలు:
యంత్రం నుండి నేరుగా రోగిపై పడేది ప్రధాన కిరణపుంజం. రోగి శరీరాన్ని తాకి అన్ని దిక్కులకూ మళ్ళేవి చెదురు కిరణాలు. రోగికి ఒక మీటరు దూరంలో వీటి తీవ్రత, రోగిపై పడిన దానిలో సుమారు వెయ్యోవంతు ఉంటుంది. గదిలోని ఇతరులకు ముప్పు ప్రధానంగా వీటివల్లనే. స్విచ్ ఆపగానే కిరణాలు ఆగిపోతాయి. దీపం ఆర్పిన తరువాత వెలుగు మిగలనట్లే, గదిలో వికిరణం మిగలదు.

3. రక్షణ ఏర్పాట్లు:
మనదేశంలో ఈ రంగాన్ని నియంత్రించే సంస్థ, 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. దాని నిబంధనల ప్రకారం ప్రధాన పుంజం పడే గోడ 35 సెం.మీ., చెదురు కిరణాలు పడే గోడలు 23 సెం.మీ. మందం గల ఇటుక గోడలకు తక్కువ కాకూడదు. తలుపులకు 1.7 మి.మీ. సీసపు రేకు, లేదా దానికి సమానమైన అడ్డు కావాలి. తలుపు తెరిచి ఉంచితే ఇంత మందపు గోడ కట్టిన ప్రయోజనం దెబ్బతింటుంది. ఏప్రాన్ చెదురు కిరణాలను తగ్గించడానికే. ప్రధాన పుంజానికి ఎదురు నిలవడానికి కాదు. సిబ్బంది ధరించే టి.ఎల్.డి. బ్యాడ్జి కిరణాలను ఆపదు, సోకిన మోతాదును మాత్రమే నమోదు చేస్తుంది.

4. దూరం - మోతాదు:
దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగోవంతుకు తగ్గుతుంది. సిబ్బందికి ఐదేళ్ల సగటుపై ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ప్రజలకు 1 మిల్లీసీవర్టు పరిమితి. రోగి చికిత్సకు అవసరమైన పరీక్ష ఈ పరిమితుల కిందికి రాదు. ఒక ఛాతీ ఎక్స్-రే మోతాదు సాధారణంగా 0.1 మిల్లీసీవర్టుకు మించదు. ప్రకృతి నుండి మనిషికి ఏటా సోకే ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్టులు. కనుక అవసరమైన పరీక్షకు భయపడనక్కరలేదు. అనవసరమైన పరీక్షను కోరకూడదు.

5. తోడు వచ్చినవారు:
శిక్షణ లేకుండా ఆ గదిలోకి వెళ్ళేది బిడ్డను పట్టుకునే తల్లి, వృద్ధుణ్ణి నిలబెట్టే కొడుకు. తోడు తప్పనిసరైతే ఏప్రాన్ ధరించి, ప్రధాన పుంజానికి పక్కగా నిలబడాలి. గర్భిణి ఆ పనికి పూనుకోరాదు. గర్భం ఉందన్న అనుమానం ఉన్న స్త్రీ, పరీక్ష తనకే అయినా, ముందుగా సిబ్బందికి చెప్పాలి. ఆ మాట చెప్పాలని ఆమెకు తెలియాలంటే, తలుపు మీది హెచ్చరిక ఆమె చదవగలిగే తెలుగులో ఉండాలి. చదువురానివారికి నోటితో చెప్పాలి.

6. ముగింపు:
ఎక్స్-రే గదిలో రక్షణకు కాలం, దూరం, అడ్డు అనే మూడే ఆధారాలు. గోడను ఇంజనీరు కట్టగలడు, మోతాదును బ్యాడ్జి లెక్కించగలదు. తలుపు బయట నిలిచిన మనిషికి ఆ ఏర్పాట్ల అర్థం అందించవలసింది మాత్రం భాషే. వైద్యభౌతికశాస్త్ర విషయాలను సులభమైన తెలుగులోకి తేవడం ఆ కారణంగా భాషాధ్యాపకుల బాధ్యత కూడా అవుతుంది.