బంకులో డీజిల్‌కి చీటీ ఏది?

జనగామ మీదుగా పోయే హైదరాబాద్–వరంగల్ రహదారిలో ఏ బంకు దగ్గర ఆగినా డీజిల్ మిషను మూడు సంగతులు చెబుతుంది: లీటరు ధర, పోసిన లీటర్లు, కట్టాల్సిన డబ్బు. అడిగితే డెన్సిటీ చూపిస్తారు. అందులో గంధకం ఎంతో, బయోడీజిల్ కలిసిందో లేదో మాత్రం మామూలుగా కనబడదు. బండికైతే అన్ని గుర్తులూ ఉన్నాయి. కొత్త డీజిల్ కారు అద్దం మీద నారింజ రంగు స్టిక్కరు, బీఎస్-6 అయితే దానిపైన ఆకుపచ్చ పట్టీ. తాగే బండికి గుర్తు పెట్టి, పోసే డీజిల్‌కి పెట్టకపోవడం ఏం లెక్కో!

గంధకం కాలితే పొగ విషమవుతుంది, కొత్త లారీల్లో ఆ పొగను శుద్ధిచేసే పరికరమూ దెబ్బతింటుంది. అమెరికాలో 2006లో పది లక్షల పాళ్లకు 15 పాళ్ల గంధకం ఉన్న డీజిల్ వచ్చినా, 500 పాళ్లది కొన్నాళ్లు అమ్ముడయింది. అందుకే ఏ పంపులో ఏది ఉందో, 2007 నుంచి వచ్చిన బండ్లకు ఏది పోయాలో రాసి అంటించాలని అక్కడి పర్యావరణ సంస్థ నియమం పెట్టింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అంతటా 10 పాళ్ల డీజిలే కదా, చీటీ ఎందుకంటారు. గంధకం వరకు ఆ మాట ఒప్పుకోవాలి. బయోడీజిల్ దగ్గర ఒప్పుకోలేం. మన ప్రమాణాలు 7 శాతం దాకా కలపనిస్తాయి. 2018 నాటి జాతీయ విధానం 2030కల్లా 5 శాతం చేరాలంటోంది. ఐరోపాలో 2018 అక్టోబరు నుంచి నాజిల్ మీద చదరపు గడిలో బి7 అని ఉంటుంది, కొత్త బండి ట్యాంకు మూత దగ్గరా అదే గుర్తు.

జనగామ పల్లెల్లో దీని అవసరం ఇంకా ఎక్కువ. బయోడీజిల్ చెమ్మను పట్టుకుంటుంది. రోజూ తిరిగే లారీకి అదో లెక్క కాదు. వరికోత మిషను వానాకాలం, యాసంగి కోతలయ్యాక నెలల తరబడి షెడ్డులోనే. ట్యాంకు అడుగున నీరు చేరి, నీరూ డీజిలూ కలిసేచోట జిగురు పెరిగి, ఫిల్టరు మూసుకుపోతుంది. 7 శాతంతో ఇంజను చెడుతుందని ఎవరూ అనరు. అయితే శాతం తెలిస్తే యజమాని ఫిల్టరు కింది మర తిప్పి నీళ్లు వదులుతాడు, ట్యాంకు సగం ఖాళీగా వదిలేయడు.

రాస్తే జనం బెదురుతారనే వాదనకు పెట్రోలే జవాబు. 20 శాతం ఇథనాల్ మీద 2025లో ఎంత గోల! ఇథనాల్ లేని పెట్రోలూ దొరకాలని, శాతం బంకుల్లో రాయాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు ఆ సెప్టెంబరు 1న కొట్టేసింది. గోల మాత్రం ఆగలేదు. చెప్పకుండా కలిపారన్న అనుమానమే పుకార్లకు మేత.

కల్తీ చేసేవాడు చీటీ చూసి ఆగడన్నదీ నిజమే. డెన్సిటీ అంకె కూడా వాణ్ని ఆపదు. కాకపోతే రాసినదానికీ కొలిచినదానికీ మూడు పాయింట్లు మించి తేడా వస్తే నిలదీయడానికి ఆధారం దొరుకుతుంది. బయోడీజిల్ శాతానికీ అలాంటి ఆధారమే కావాలి. ట్యాంకరు ట్యాంకరుకూ శాతం మారుతుంది కనుక ‘7 శాతం వరకు’ అని రాసినా చాలు. అయితే ఆ అంకె డిపో కాగితాలతోనే రావాలి. అది ఆయిల్ కంపెనీల పూచీ. డీలరు నెత్తిన రుద్దితే మొదటి వానకే స్టిక్కరు ఊడిపోతుంది.