ఎముకకు బంగారు పెట్టె ఎందుకు? ఎలా?

మధ్యయుగపు ఐరోపా చర్చిల్లో పునీతుల అవశేషాలు దాచిన పేటికలను చూస్తే ఎవరికైనా వచ్చే సందేహం ఇది: ఒక ఎముక ముక్కకో, గుడ్డ పీలికకో ఇంత బంగారం, ఇన్ని రాళ్లు ఎందుకు?

ఆనాటి క్రైస్తవుల నమ్మకంలో పునీతుడు చనిపోయినా తన ఎముకను విడిచిపోడు. అంత్యదినాన లేచేది ఆ దేహమే. ఈలోగా దాని ముందు మోకరిల్లినవారి మొర ఆయన దేవుడికి విన్నవిస్తాడు. 787లో నికేయాలో జరిగిన క్రైస్తవ మహాసభ, అవశేషం లేనిదే చర్చిని ప్రతిష్ఠించకూడదని కట్టడి కూడా చేసింది. అయితే ఎముకను చూసి అది ఎవరిదో ఎవరూ పోల్చలేరు. ఆ సంగతి చెప్పాల్సింది పేటికే. బైబిలు చివరి గ్రంథంలో పరలోక నగరం మేలిమి బంగారంతో, రత్నాల పునాదులతో కనిపిస్తుంది. కంసాలి ఆ నగరపు వెలుగునే పెట్టె మీదికి దించాడు. పూజ్యుల ధాతువులను (అవశేషాలను) మేలైన పాత్రలో ఉంచడం మన నేలకూ తెలిసిందే. 1892లో భట్టిప్రోలు స్తూపంలో దొరికిన బౌద్ధ ధాతువులు స్ఫటికపు భరిణెలో ఉన్నాయి.

ఇది విగ్రహారాధన కాదా అని ఆ రోజుల్లోనే అనుమానించినవారున్నారు. దక్షిణ ఫ్రాన్స్‌లోని కోంక్‌లో సెయింట్ ఫ్వా అనే బాలికా పునీతురాలి అవశేషం దాచిన బంగారు ప్రతిమ ఉంది. 1013లో దాన్ని చూసిన బెర్నార్డ్ అనే పండితుడు మొదట ఎగతాళి చేశాడు. తరవాత మనసు మార్చుకుని, ఆమె మహిమల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ ప్రతిమ లోపలంతా కొయ్య, పైన బంగారు రేకు. తల మాత్రం అంతకు కొన్ని శతాబ్దాల ముందటి రోమన్ పని. భక్తులు సమర్పించిన రాళ్లను తరతరాలుగా పొదుగుతూ వచ్చారు. బంగారం తక్కువ, పనితనం ఎక్కువ అన్నది ఈ కళలో అసలు కిటుకు.

అంత బంగారం లేనిచోట రాగే దిక్కు. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని లిమోజ్ పట్నపు పనివాళ్లు రాగిరేకు మీద బొమ్మ గీసి, రంగు రావాల్సిన చోట ఉలితో గుంటలు తొలిచేవారు. రంగుగాజును పొడిచేసి, తడిపి, ఆ గుంటల్లో కూరి కొలిమిలో పెట్టేవారు. గాజు కరిగాక మట్టం దిగిపోతుంది. మళ్లీ నింపి, మళ్లీ కాల్చాలి. గుంట నిండాక రాతితో అరగదీస్తే గాజూ రాగీ ఒకే మట్టానికి వస్తాయి. ఈ పనికే షాంప్లెవే అని పేరు.

ఆఖరున మిగిలిన రాగికి బంగారు పూత. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్దచేసి, పూసి, వేడిచేస్తే పాదరసం ఆవిరై బంగారం అంటుకుపోతుంది. ఆ ఆవిరి విషం. 12వ శతాబ్దంలో ఈ విద్యలన్నీ గ్రంథస్థం చేసిన థియోఫిలస్ అనే సన్యాసి, పరగడుపున ఈ పని చేయవద్దని హెచ్చరించి, మిరియాలు, వెల్లుల్లి, ద్రాక్షసారా విరుగుడుగా చెప్పాడు. పని చేసినవాడి ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాడే అంత దూరం ఆలోచించగలడు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన మాట అదే.

లిమోజ్ పెట్టెల్లో పేరుపడ్డవి థామస్ బెకెట్‌వి. ఇంగ్లండులోని కాంటర్బరీ ఆర్చిబిషప్పు అయిన ఈయన్ను 1170 డిసెంబరు 29న రాజు భటులు చర్చిలోనే నరికి చంపారు. 1173లో పోపు ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. వెంటనే ఊరూరా ఆయన అవశేషాలకు గిరాకీ పుట్టింది. వాటిని దాచిన లిమోజ్ పెట్టెల మీద నీలం గాజు, దాని మీద బంగారు పూత బొమ్మలు: బలిపీఠం ముందు బెకెట్, ఆయన మీదికి దూసిన కత్తి.

కాంటర్బరీలో ఆయన సొంత సమాధిమందిరాన్ని 1538లో ఎనిమిదో హెన్రీ రాజు పడగొట్టించి, బంగారమంతా ఖజానాకు తరలించాడు. రాగి పెట్టెలు మాత్రం దాదాపు 50 మిగిలాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిలో మేటి పెట్టె ఒకటి ఉంది. ఆ ఊళ్లో మీ పిల్లలుంటే, వెళ్లినప్పుడు తప్పక చూడండి.