మన్యంలో నెట్‌వర్క్ స్విచ్‌కు సరైన సమయం

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం అల్లూరి సీతారామరాజు జిల్లా మీదుగా, డుంబ్రిగుడకు కొంత పడమరగా సాగుతుంది కనుక, ఆ మండలంలో సూర్యగతిని బట్టి లెక్కించే సగటు స్థానిక కాలానికీ దేశమంతటా గడియారాలు చూపే కాలానికీ తేడా దాదాపు ఒక నిమిషమే. అయితే కంప్యూటర్లనూ కెమెరాలనూ కలిపి సమాచారాన్ని చేరవలసిన చోటికి మళ్లించే నెట్‌వర్క్ స్విచ్‌కు ఆ మాత్రపు దగ్గరితనం చాలదు.

తీగ ఊడినా, ఎవరైనా ప్రవేశించి అమరిక మార్చినా, స్విచ్ ఆ సంగతిని సమయంతో సహా లాగ్ అనే పట్టికలో నమోదు చేస్తుంది. ఒక చొరబాటు మైదానంలోని సర్వర్ నుంచి కొండ మీదికి వచ్చిందా, ఇక్కడి నుంచే అక్కడికి పోయిందా అన్నది తేల్చాలంటే రెండు లాగ్‌లలోని సమయాలను పోల్చి చూడవలసిందే. కానీ చాలా స్విచ్‌లలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. గాలివానకు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అవి తయారీలో నిర్ణయించిన తేదీకి, ఉదాహరణకు అనేక సిస్కో స్విచ్‌లు 1993 మార్చి 1కి, వెళ్లిపోతాయి. చేతితో సమయం పెట్టి ఊరుకోవడం కొండప్రాంతంలో ఏమాత్రం నమ్మదగిన పద్ధతి కాదు.

దీనికి పరిష్కారం ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ ద్వారా సమయాన్ని అందించే నియమావళి. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్ రూపొందించిన దీని ప్రమాణపత్రం 1985లో వెలువడింది. ప్రశ్న బయలుదేరిన క్షణం, అది సర్వర్‌కు చేరిన క్షణం, జవాబు బయలుదేరిన క్షణం, అది తిరిగి అందిన క్షణం, ఈ నాలుగింటిని బట్టి తన గడియారం ఎంత తప్పిందో స్విచ్ లెక్కగడుతుంది. ఈ లెక్కలో పోవడానికీ రావడానికీ సమానమైన కాలం పట్టిందని భావిస్తారు కాబట్టి, మారుమూల పల్లెకు ఉపగ్రహం మీదుగా రానుపోను అర సెకను పట్టినా, రెండు వైపులా ఆలస్యం ఒకటే అయితే సమయం చెడదు. ఆలస్యం ఒకవైపే పెరిగితే మాత్రం ఆ తేడాలో సగం గడియారంలో దోషంగా మిగులుతుంది. దూరం వల్ల నష్టపోని ఈ గుణం ఘాట్ల అవతలి ఊళ్లకు నిజంగా గొప్ప మేలు.

సమయాన్ని ఒకచోట శాస్త్రీయంగా నిర్ణయించి అందరికీ పంచడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాల నెలకొల్పిన గోడే వెంకట జగ్గారావు డాల్ఫిన్స్ నోస్ కొండపై జెండా సంకేతంతో జనానికి సమయం తెలియజేశాడు. నేడు ఆ బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణు గడియారాలది. ఆ ప్రయోగశాల సర్వర్లతో గానీ, జాతీయ సమాచార కేంద్రం సర్వర్లతో గానీ, వాటిని అనుసరించే సర్వర్లతో గానీ గడియారాలు సరిచూసుకోవాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది.

ఎన్‌టీపీ పంపేది ప్రపంచ సమన్వయ కాలం కనుక, అమరికలో సర్వర్ చిరునామాలతోపాటు 5 గంటల 30 నిమిషాల తేడాను కూడా చెప్పాలి. నిమిషాలు వదిలేస్తే ప్రతి నమోదూ అరగంట వెనకబడుతుంది. అణు గడియారానికి నేరుగా అనుసంధానమైన సర్వర్‌ది ఒకటవ అంచె, దాని నుంచి తీసుకున్నది రెండవది, ఇలా 15 వరకు ఉంటాయి. స్విచ్ 16 చూపితే సమయం అందలేదని అర్థం, అప్పుడు ఎన్‌టీపీ వాడే 123వ పోర్టును ఫైర్‌వాల్ అడ్డుకుంటోందేమో ముందుగా చూడాలి. లైను తెగినప్పుడు స్థానిక స్విచ్‌లన్నీ తలో దారి పట్టకుండా, వాటిలో ఒకదానికి 10 వంటి కింది అంచె సంఖ్య ఇచ్చి తక్కినవాటికి తాత్కాలిక ఆధారంగా నిలపవచ్చు; లైను బాగుపడగానే అవి తమంతట తామే పై అంచె సమయానికి మళ్లుతాయి.